మోకాళ్ళ అనుభవం

మగ్దలీనమ్మ మోకాళ్ళకున్న పేరు మగ్దలీనమ్మకు లేదు. చిట్టమూరుకు తూర్పున, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇసక మిట్టల మధ్య ఉన్న మిషన్ ఆసుపత్రి కాంపౌండులో ఆమె ముఖం ఎరగనివాళ్ళు కూడా ఆ మోకాళ్ళ సంగతి విని ఉంటారు. చర్చి పాస్టరు పరంజ్యోతి అయ్యగారు ఏడాదికి నాలుగు ప్రసంగాల్లోనైనా వాటిని తెచ్చేవాడు. మోకాళ్ళ అనుభవం అంటే, మోకరించి చేసే ప్రార్థన అంటే ఏమిటో తెలుసుకోవడానికి దూరాలు పోనక్కర్లేదనీ, మన ఆసుపత్రిలో బండలు తోమే తల్లిని చూస్తే చాలనీ ఆయన అనగానే చర్చిలో తలలన్నీ అటు తిరిగేవి. మగ్దలీనమ్మ తల వంచుకునేది. ఆ తల వంచుకోవడం కూడా భక్తి కిందే చెల్లిపోయేది.

చూడటానికి అవి నిజంగానే మామూలు మోకాళ్ళు కావు. చిప్పల మీద చర్మం నల్లబడి, మొద్దుబారి, కాయలు కాసి, ఎండిన కొబ్బరి చిప్పలు బోర్లించినట్టు ఉండేవి. గుండుసూది గుచ్చినా తెలియదు. ప్రార్థనలో గంటలు గంటలు మోకరిస్తే తప్ప మనిషి మోకాళ్ళు అట్లా కావని అందరి నమ్మకం. అదే మనిషి ఉదయం ఆరింటి నుంచి పదకొండింటి దాకా, మళ్ళీ మూడింటి నుంచి ఐదింటి దాకా అవే మోకాళ్ళ మీద ఆసుపత్రి బండలు తోముతుందన్న సంగతీ అందరికీ తెలుసు. తెలిసిన రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆడవార్డులో బండలు రెండువందల పదహారు. మగ్దలీనమ్మకు చదువు రాదు గానీ ఆ లెక్క నిద్రలో అడిగినా చెబుతుంది. గోడ వారనుంచి మొదలుపెట్టి, మడిచిన గోనెపట్ట మోకాళ్ళ కింద వేసుకుని, ఎడమచెయ్యి నేల మీద ఆనించి, కుడిచేత్తో కొబ్బరి పీచుతో రుద్దుతుంది. ఒక బండ అయ్యాక మోకాలెత్తదు. గోనెపట్టతో పాటే పక్క బండ మీదికి జరుగుతుంది. ఎత్తి దించితే నొప్పి, జరిగితే రాపిడి. ఆ రెంటిలో రాపిడే మేలని ఆమె ఎన్నడో తేల్చుకుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైందంటే కిటికీ సందుల్లోంచి సన్నని ఇసక వచ్చి పరుచుకుంటుంది. ఉదయం తోమిన బండలు మూడింటికల్లా కాళ్ళకింద కరకరమంటాయి. ఆ ఇసక గోనెపట్టలో దూరి, చర్మంలో దూరి, సాయంత్రానికి మోకాళ్ళ మీద ఎర్రని చుక్కలుగా తేలేది.

పంతొమ్మిదివందల అరవైమూడు జూలైలో ఒక సోమవారం, నూటనలభయ్యో బండ దగ్గర ఆమె కుడిమోకాలు పట్టేసింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. నాలుగు నెలలుగా అది సూచనలు ఇస్తూనే ఉంది. పొద్దున లేస్తే కాలు కర్రలా బిగుసుకుని ఉండేది, బావి దాకా పోయి వస్తే గాని సాగేది కాదు. వంగితే లోపల పటపటమనేది. ఈ రెండు వారాలుగా చిప్ప మీద బత్తాయి కాయంత వాపు లేచి, చెయ్యి వేస్తే కాలుతోంది. మగ్దలీనమ్మ నేలమీద పక్కకు ఒరిగి, కాలు రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా చాపింది. మిగిలిన డెబ్బైఆరు బండలూ ఒక్క ఎడమమోకాలి మీదే తోమింది. ఆ తర్వాత డాక్టరు గది ముందు వరసలో నిలబడింది.

ఈ నాలుగు నెలల్లో ఆమె మోకాళ్ళకు కారణం చెప్పనివాళ్ళు లేరు. వంటమనిషి వాతం అన్నాడు, చింతపండు మానమన్నాడు. కాంపౌండరు తిమోతి వయసన్నాడు. పాలు పోసే ఆమె చద్దన్నం అంది. సూపరింటెండెంటు భార్య ఒళ్ళు బరువు తగ్గించుకోమంది. మగ్దలీనమ్మ ఎముకలను మూటగట్టి తూచినా కోడిపెట్టకంటే ఎక్కువ తూగదు, అయినా సరేనంది. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు సరేననడం ఆమెకు బండలు తోమడంతో పాటే అలవాటైన పని.

కొత్త డాక్టరు దావీదు మదరాసులో చదివి, ఆరు వారాల కిందటే వచ్చాడు. బల్లమీద కూర్చోబెట్టి, ఏ మొహమాటమూ లేకుండా ఆమె మోకాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. వేలితో నొక్కాడు. వాపు ఒక పక్కన నొక్కితే రెండో పక్కకు జారింది. అరచెయ్యి చిప్ప మీద వేసి కాలు వంచి చాపుతుంటే లోపల ఇసక నలిగినట్టు చప్పుడైంది.

"మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కువా, దిగేటప్పుడా?" అని అడిగాడు.

"దిగేటప్పుడయ్యా. ఎక్కేటప్పుడు ఎట్టనో ఎక్కతాను. దిగాలంటే మేకు దిగగొట్టినట్టు ఉంటాది."

ఎప్పుడైనా కింద పడ్డావా, జ్వరం వస్తోందా, వేళ్ళూ మణికట్లూ కూడా వాస్తున్నాయా, కూర్చుని లేవబోతే కాలు మడత పడుతోందా అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ సమాధానం విన్నాక, ఏ పని చేస్తావని అడిగాడు. చెప్పింది. ఎన్నాళ్ళుగా అంటే ఇరవైరెండేళ్ళుగా అంది. డాక్టరు ఆమె మోకాళ్ళ నుంచి చేతులకూ, చేతుల నుంచి మోకాళ్ళకూ చూశాడు.

మోకాలి నొప్పికి సవాలక్ష కారణాలుంటాయనీ, వయసుతో లోపలి గుజ్జు అరగడం కొంత ఉందనీ, ఈ చిప్ప మీది వాపూ ఈ కాయలూ మాత్రం గట్టి నేల మీద మోకాలు ఆనించి ఆనించి వచ్చినవేననీ చెప్పాడు. నీళ్ళు తీసేయవచ్చు గానీ మళ్ళీ నేలమీద మోకాలు పెడితే మళ్ళీ పడతాయన్నాడు.

"బండలమ్మా ఇవి. బండల వల్లే" అన్నాడు.

మగ్దలీనమ్మకు ఇన్నేళ్ళూ తప్పుగా పిలుస్తున్న తన పేరును ఎవరో సరిగ్గా పలికినట్టయింది. కళ్ళు తుడుచుకుని, కట్లగదిలో ఒక చోటు ఖాళీగా ఉందని చెప్పింది. అక్కడ ఎత్తుపీట మీద కూర్చుని గాజుగుడ్డ కత్తిరించాలి, చుట్టలు చుట్టాలి, దూది ఉండలు చెయ్యాలి. ఆ పని చేసే వెంకటశేషమ్మ కూతురి దగ్గరుండటానికి మనుబోలు వెళ్ళిపోయింది. ఆసుపత్రి పనిలో ఒళ్ళు చెడినవాళ్ళకు కూర్చునే పని ఇవ్వాలని దొరసానులున్నప్పటి నుంచీ నియమం ఉంది. పనితో సంబంధం లేకుండా జబ్బుపడ్డవాళ్ళను మాత్రం ఆశీర్వదించి ఇంటికి పంపుతారు. ఇంటికి అంటే, మగ్దలీనమ్మకు కాంపౌండులోని గదే ఇల్లు, అదీ పనితోనే పోతుంది. ఆ తర్వాత చిల్లకూరులో తమ్ముడి ఇంటి పంచ ఒకటుంది, ఒక పూట అన్నానికి రెండు పూటలు మరదలి ముఖం చూడాలి. డాక్టరు అంతా విని కాగితం రాశాడు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది, అక్కడ పెట్టిస్తానన్నాడు.

*

కమిటీ అంటే ముగ్గురు. సూపరింటెండెంటు క్రీస్తురాజు, ఆడవాళ్ళ సమాజం పెద్ద ఆనందకుమారి టీచరు, పరంజ్యోతి అయ్యగారు. మొదటి ఇద్దరి సంగతి ఎట్లా ఉన్నా అయ్యగారు తనవాడేనని మగ్దలీనమ్మ ధైర్యం. మంగళవారం పని కాగానే ఆయన ఇంటికి వెళ్ళింది. వరండాకు మూడు మెట్లు. ఎక్కింది గాని దిగడం తలుచుకుంటే గుండె జారింది.

అయ్యగారు కుర్చీ వేయించాడు. పనిమనుషుల్లో ఆయన కుర్చీ వేయించేది ఈమె ఒక్కదానికే. ఆమె సంగతి చెప్పుకుంది. కమిటీలో ఒక మాట చెప్పమని అడిగింది.

"ఒక మాటేమిటమ్మా, నీ కోసం సాక్ష్యమే చెబుతాను" అన్నాడు ఆయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కపటం ఎరగని మనిషి. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఆ మోకాళ్ళను మొదట కనిపెట్టింది ఆయన కాదు, ఒక ముసలి దొరసాని. పదకొండేళ్ళ కిందట సువార్త కూటాలప్పుడు బావి దగ్గర చీర పైకి దోపుకుని కాళ్ళు కడుక్కుంటున్న మగ్దలీనమ్మ మోకాళ్ళు చూసి, ఆమె చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో ప్రార్థన, ప్రార్థన అని ఏడ్చింది. మర్నాడు పందిట్లో వెయ్యిమంది ముందు నిలబెట్టి చెప్పింది. అయ్యగారు ఆ మాటలను తెలుగు చేశాడు. అప్పుడే కాదని చెప్పి ఉండవలసింది. మగ్దలీనమ్మ నోరు తెరిచింది కూడా. అంతలోకే ఒక తల్లి తన పసిబిడ్డను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. ఆ నోరు అట్లాగే మూతపడింది.

ఇప్పుడు కూడా ఆమె ప్రయత్నించకపోలేదు. ఇది బండల వల్ల వచ్చిందని డాక్టరుగారు అంటున్నాడని మెల్లిగా అంది. అయ్యగారు చిరునవ్వు నవ్వాడు. డాక్టర్లకు మాంసం కనిపిస్తుంది, అంతకు మించి కనిపించదన్నాడు. నువ్వు నోరు విప్పాల్సిన పనే లేదు, అంతా నేను చూసుకుంటానన్నాడు. మగ్దలీనమ్మ దండం పెట్టి, గోడ పట్టుకుని, మూడు మెట్లూ అడ్డంగా తిరిగి ఒక్కొక్కటే దిగింది.

బుధవారం ఆడవాళ్ళ కూటం. ఎప్పటిలాగే ఆమెను ముందు చాప మీద కూర్చోబెట్టారు. మెట్రిక్ రాయబోయే పిల్ల కోసం ప్రార్థన చెయ్యమన్నారు, కడుపుతో ఉన్న కోడలి కోసం చెయ్యమన్నారు. ఆనందకుమారి టీచరు తన చేతులతో కాఫీగ్లాసు అందించింది. ఆసుపత్రిలో ఇదే టీచరు బండ మీద మరక కనిపిస్తే చెప్పుకొనతో చూపించేది. నిజం చెప్పుకోవాలంటే ఆ చాపా, ఆ కాఫీ మగ్దలీనమ్మకు ఇష్టం. మొగుడు పోయినదాన్ని, బిడ్డలు లేనిదాన్ని, ఫినాయిల్ వాసన కొట్టేదాన్ని తల్లీ అని పిలిచే చోటు అదొక్కటే. దాన్ని వదులుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది?

గురువారం సాయంత్రం బకెట్లు కడిగే తొట్టి దగ్గర నూర్జాన్ కలిసింది. నూర్జాన్‌ది మగవార్డు. ఆసుపత్రి దుప్పట్లు కుట్టే దర్జీ సైదావలి భార్య, ఈ పనిలోకి వచ్చి పదమూడేళ్ళు. డాక్టరు ఏమన్నాడని అడిగి, అంతా విని, తన చీర మోకాళ్ళ దాకా లాక్కుని చూపించింది. అవే కాయలు, అదే నలుపు. వాపు ఒక్కటే కాస్త తక్కువ.

"నాకూ కాసినాయి గదక్కా. నన్నెవురూ తల్లీ అనరే" అని నవ్వింది.

మగ్దలీనమ్మ కూడా నవ్వింది. ఎవరూ లేనిచోట ఈ విషయం మీద వాళ్ళిద్దరూ నవ్వుకోవడం మామూలే. కట్లగది నీకే రావాలని నూర్జాన్ అంది. తనకింకా నాలుగేళ్ళు లాగే ఓపిక ఉందనీ, ఆ తర్వాత నువ్వు లేచి ఆ పీట నాకివ్వమనీ అంది.

*

శుక్రవారం పదింటికి ఆఫీసు వరండాలో గోడకానుకుని మగ్దలీనమ్మ కూర్చుంది. నీళ్ళ కుండ నింపడానికి వచ్చి నూర్జాన్ కూడా పక్కన నిలబడింది. కిటికీ తెరిచే ఉంది, లోపలి మాటలు బయటికి బాగానే వినపడుతున్నాయి.

డాక్టరు తన కాగితం చదివాడు. క్రీస్తురాజు నియమాల పుస్తకం తెరిచి, ఆసుపత్రి పనిలో ఒళ్ళు చెడినవాళ్ళకు అన్న వాక్యం మీద వేలు పెట్టాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పుస్తకంలో ఏముందో అది చేసే మనిషి, ఏముందో అది మాత్రమే చేసే మనిషి. ఈమె మోకాళ్ళు పనిలోనే చెడ్డాయని ఎవరు చెబుతారని అడిగాడు.

అప్పుడు అయ్యగారు లేచాడు. చెబుతానన్న సాక్ష్యం మనసారా చెప్పాడు. దొరసాని సంగతి చెప్పాడు, పందిట్లో వెయ్యిమంది ఏడ్చిన సంగతి చెప్పాడు. ఈ సంఘం ఇవాళ నిలబడి ఉందంటే ఆ మోకాళ్ళ మీద నిలబడి ఉందన్నాడు. తెల్లవారుజామున మనమంతా పడుకుని ఉన్నప్పుడు ఆ తల్లి మన కోసం మోకరించి ఉంటుందన్నాడు. అలాంటి మనిషికి ఒక పీట ఇవ్వడానికి ఆలోచనేమిటని ముగించాడు. ఆనందకుమారి టీచరు ముక్కు చీదుకోవడం వరండాలోకి వినిపించింది.

"అంటే ఇది పని వల్ల వచ్చింది కాదన్నమాట" అన్నాడు క్రీస్తురాజు.

తన మాటలు ఎక్కడికి పోయి తగిలాయో అయ్యగారికి అప్పుడు అర్థమై ఉండాలి. కాని వెనక్కి తీసుకోవడానికి అవి ఆయన మాటలు మాత్రమే కావు, పదకొండేళ్ళ ప్రసంగాలు. ఆయన గొంతు తగ్గించి, ఆమె పనీ చేసింది, ప్రార్థనా చేసింది అన్నాడు. ఏది ఎక్కువ అని క్రీస్తురాజు అడిగాడు. ఆ అడగడం ఎగతాళిగా కాదు, పుస్తకంలో రాసుకోవడానికి. తర్వాత డాక్టరు వైపు తిరిగి, ఈ కాయలు ఆసుపత్రి బండల మీద కాసినవో ప్రార్థనలో కాసినవో మోకాలిని చూసి చెప్పగలరా అన్నాడు.

"మోకాలికి ఆ తేడా తెలియదండీ. ఆమెనే అడగండి" అన్నాడు డాక్టరు.

మగ్దలీనమ్మను లోపలికి పిలిచారు. ఎదురుగా అయ్యగారు తల కొంచెం పక్కకు వంచి, ప్రేమగా, బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. నిజం చెబితే ఆయన పదకొండేళ్ళు అబద్ధం చెప్పినట్టు. చెప్పకపోతే మరదలి పంచ. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"నేను మోకరించి ప్రార్థన చేసే మనిషిని కాదయ్యా. మోకాలు వంగితే గదా. రాత్రిపూట మంచం మీద పడుకోని రెండు మాటలనుకుంటాను. ఇయ్యి బండలు తోమితే కాసిన కాయలు. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు."

ఆ మాట అనడానికి ఆమెకు పదకొండేళ్ళు పట్టింది. పనికిరాకుండా పోవడానికి క్షణం పట్టలేదు.

"చూశారా" అన్నాడు అయ్యగారు. ఆయన ముఖం మళ్ళీ వెలిగింది. "ఇదీ తగ్గింపు అంటే, తనను తాను తగ్గించుకోవడం. తాను మోకరించింది దేవుడికి తప్ప మనుషులకు తెలియకూడదని చూస్తోంది."

ఆనందకుమారి టీచరు అవునని తల ఊపింది, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. మగ్దలీనమ్మ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. ఎవరి ముఖంలోనూ వెటకారం లేదు, కోపం లేదు. ఉంటే బాగుండునని అనిపించింది. నిజం కాదన్నవాళ్ళతో తగువు పెట్టుకోవచ్చు. దండం పెట్టేవాళ్ళతో ఏం తగువు? గుమ్మం వైపు తిరిగి, నూర్జానూ, ఇట్ట రా అని పిలిచింది.

నూర్జాన్ వచ్చి తడిచేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడింది. మీ మోకాళ్ళు చూపించమని మగ్దలీనమ్మ అడిగింది. అప్పటిదాకా ఆమెను ఎన్నడూ మీరు అని పిలవలేదు, ఆ గదిలో అలా వచ్చింది. నూర్జాన్ సిగ్గుపడుతూ చీర అంచు ఎత్తింది. మగ్దలీనమ్మ తనదీ ఎత్తింది. నాలుగు మోకాళ్ళు పక్కపక్కన నిలబడ్డాయి. ఈమె మన చర్చికి రాదు, ఏ అయ్యగారూ ఈమెను మోకరించమనలేదు, మరి ఈమెకెట్ట కాసినాయో చెప్పండయ్యా అని అడిగింది. డాక్టరు దగ్గరికొచ్చి వంగి చూసి, రెండూ ఒకటే జబ్బు, ఇద్దరిదీ ఒకటే కారణం అన్నాడు.

క్రీస్తురాజు కళ్ళజోడు పెట్టుకుని నూర్జాన్ మోకాళ్ళ వైపు చూశాడు. ఈమె ఎన్నేళ్ళుగా ఏం పని చేస్తోందో అడిగాడు. పదమూడేళ్ళు, మగవార్డు బండలు.

"ఇది పని వల్ల వచ్చిందే. ఇందులో సందేహం లేదు" అన్నాడు, కలం తీసుకుంటూ.

డాక్టరు ముఖం ఎర్రబడింది. ఒకటే జబ్బని చెప్పాను కదా, ఈమెది పనివల్ల అయితే ఆమెదీ పనివల్లే కదా అన్నాడు. అయ్యగారు నెమ్మదిగా, బిడ్డకు చెప్పినట్టు, మీరు వచ్చి ఆరు వారాలైంది డాక్టరుగారూ, మేము ఆ తల్లిని పదకొండేళ్ళుగా చూస్తున్నాం అన్నాడు. క్రీస్తురాజు రాస్తూనే ఉన్నాడు. కట్లగదిలో చోటు ఒక్కటే, పనిలో దెబ్బతిన్నట్టు తేలిన మనిషి ఒక్కతే. సోమవారం నుంచి నూర్జాన్ ఆ పీట మీద కూర్చుంటుంది. మగ్దలీనమ్మ నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. ఆదివారం ఆరాధనలో సంఘమంతా ఆమెకు కృతజ్ఞత చెప్పి, ఆశీర్వదించి పంపుతుంది. చివరి ప్రార్థన ఆమే చెయ్యాలని ఆనందకుమారి టీచరు కోరింది. అందరూ ఒప్పుకున్నారు.

వరండాలోకి రాగానే నూర్జాన్ ఏడ్చింది. నేను లోపలికి పోయి వద్దని చెబుతానంది. మగ్దలీనమ్మకు ఆ క్షణంలో నూర్జాన్ మీద పట్టలేని అక్కసు కలిగింది. తానే పిలిచింది, తానే చీర ఎత్తమంది, అయినా కలిగింది. ఆ మోకాళ్ళ మీదా, ఆ ఏడుపు మీదా, నలభై దాటని ఆ వయసు మీదా కలిగింది. పంపు కిందికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది.

"నువ్వు వద్దంటే అది నాకు రాదు. వేరేవాళ్ళకు పోతాది. పొయ్యి కూర్చోవే" అంది. అని, నూర్జాన్ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, మూడింటి తోముడుకు బకెట్టు తీసుకుని వెళ్ళింది. నెలాఖరు దాకా బండలు తోమవద్దని ఎవరూ అనలేదు మరి.

*

ఆదివారం చర్చి నిండింది. కమిటీ గదిలో జరిగిన మాట శనివారానికే ఇంటింటికీ చేరింది. తనకు పీట దక్కాలని కాకుండా తన ప్రార్థన దాచుకోవాలని చూసిందట, ముసల్మాను మనిషికి ఆ చోటు ఇప్పించిందట అని చెప్పుకున్నారు. పొద్దున్నే ఇద్దరు తల్లులు ఆమె గదికి బిడ్డల్ని తెచ్చారు. మగ్దలీనమ్మ ఆ బిడ్డల తలల మీద చెయ్యి పెట్టలేదు. తలనొప్పిగా ఉందని తలుపు వేసుకుంది.

ముందు చాప మీద కూర్చోబెట్టారు. ఆనందకుమారి టీచరు తెల్లచీర తెచ్చి భుజాల మీద కప్పింది. అయ్యగారు అరగంట మాట్లాడాడు. ఆ మోకాళ్ళు మన మధ్య నుంచి పోతున్నాయని అన్నప్పుడు ఆయన గొంతు బొంగురుపోయింది. అది దొంగ ఏడుపు కాదని మగ్దలీనమ్మకు తెలుసు. నిజంగా బాధపడుతూనే తనను పంపిస్తున్నాడు. దొంగ ఏడుపైతే ఇంత చేదుగా ఉండేది కాదేమో.

చివరి ప్రార్థన చెయ్యమన్నారు. కుడికాలు వెనక్కి పెట్టి, ఎడమమోకాలు ముందు ఆనించి, ఆమె మెల్లిగా బండ మీదికి దిగింది. నొప్పి తొడ దాకా పాకింది. చర్చి మొత్తం కళ్ళు మూసుకుంది. ఆ సంఘంలో ఒక కట్టుబాటుంది. ఒకరు మోకరించి ప్రార్థిస్తున్నప్పుడు ఎంతటివాళ్ళూ మధ్యలో మాట కలపరు, కళ్ళు తెరవరు. దేవుడితో మాట్లాడేవాళ్ళు అబద్ధం ఆడతారని కూడా ఎవరూ అనుకోరు. ముఖ్యంగా మగ్దలీనమ్మ ఆడుతుందని అనుకోరు. కమిటీ గదిలో లేని ఆ వీలు ఇక్కడ ఉందని శనివారమంతా బండలు తోముతూ ఆమె ఆలోచించుకుంది.

"ప్రభువా, నేను మగ్దలీనమ్మను. ఆడవార్డులో రెండువందల పదహారు బండలుండాయి. ప్రసవాల గదిలో తొంభై. వరండాలో నూటనలభై. నీ గుళ్ళో డెబ్బైరెండు, శనివారం శనివారం. ఇరవైరెండేళ్ళు తోమినాను. నా మోకాళ్ళకు కాయలు కాసింది ఆడ. ప్రార్థనలో కాదు. నీ ముందర నేను మోకరించింది ఎన్నిసార్లో నీకు తెలుసు. ఈళ్ళు చూస్తా ఉంటే తప్ప మోకరించలేదు."

ఎక్కడో ఒక చాప కదిలిన చప్పుడైంది. ఎవరో దగ్గి ఆపుకున్నారు.

"అయ్యగారు నన్ను పొగిడినప్పుడు కాదని చెప్పలేదు. నాకు బాగుండింది. ముందర కూర్చోబెడతా ఉంటే బాగుండింది. కాఫీ ఇస్తా ఉంటే తాగినాను. బిడ్డల్ని తెస్తే చెయ్యి పెట్టినాను. అది నా తప్పు, నేను వొప్పుకుంటన్నా. కానీ మోకాళ్ళు ఆసుపత్రియి. శుక్రవారం నాడు మనుషులకు చెప్పినాను. తగ్గింపన్నారు. తగ్గింపు కాదు ప్రభువా, నిజం. నీకు అబద్ధం చెప్పనని ఈళ్ళకు తెలుసు. అందుకని నీతో చెప్తన్నా, ఈళ్ళు వింటారని. యేసు నామంలో అడగతన్నా, తండ్రీ."

ఆ మాటతో చర్చి మొత్తం ఒక్క గొంతుతో ఆమేన్ అనాలి. ఆమె తల వంచుకుని ఎదురు చూసింది. గాలికి కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంది. ఆమేన్ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే అందరి కళ్ళూ అప్పటికే తెరిచి ఉన్నాయి. అయ్యగారు చేతిలో పుస్తకాన్ని చూసుకుంటున్నాడు. ఆయన పెదవుల రంగు పోయింది. ఆనందకుమారి టీచరు, కప్పిన తెల్లచీర వైపు చూస్తోంది, దాన్ని ఎట్లా వెనక్కి తీసుకోవాలా అన్నట్టు.

మగ్దలీనమ్మ తన ఆమేన్ తానే చెప్పుకుంది.

ఆమె చర్చిలో మోకరించి లేవబోతే చెరో పక్కన ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకుని లేపడం పదకొండేళ్ళుగా రివాజు. ఆ ఇద్దరిలో ఒకరం మేమంటే మేమని పోటీ పడేవాళ్ళు. ఈ రోజు ఎవరూ చాప మీద నుంచి కదల్లేదు. మొట్టమొదటిసారిగా అందరూ తన మాట నమ్మారని మగ్దలీనమ్మకు దానివల్లే తెలిసింది. అరచేతులు రెండూ బండ మీద ఆనించి, పట్టేసిన మోకాలు వదిలేదాకా కాసేపు ఆగి, ఒక్కతే లేవడం మొదలుపెట్టింది.